రొనాల్డు రాసు – దోమలోని రహస్యము

వానకాలము వచ్చినదనగా నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టనేలలలో చెరువులు, కుంటలు నిండును. గుట్టలమీది రాతిగుంటలలోను, బావుల ఒడ్డుననున్న తొట్లలోను, ఇంటి వెనుక పారవేసిన పగిలిన కుండలలోను నీరు నిలిచియుండును. ఆ నీటిని వంగి పరికించినచో సన్నని పురుగులు మెలికలు తిరుగుచు పైకి వచ్చుటయు, క్రిందికి దిగుటయు కనిపించును. అవి దోమపిల్లలు. వానిని చూచి దాటిపోవువారే గాని, ఆగి ఆలోచించువారు అరుదు. ఆ అల్పప్రాణి కడుపులో లక్షలాది జనుల ప్రాణములను హరించు వ్యాధి రహస్యము దాగియున్నదని 19వ శతాబ్దము చివరివరకు లోకమునకు రూఢిగా తెలియదు. ఆ రహస్యము బయటపడిన చోటు ఈ జిల్లాలకు పొరుగుననే కలదు. నాటి నిజాము రాజ్యమునందలి సికింద్రాబాదు దండుకు చేరిన బేగంపేటయే ఆ చోటు. దానిని బయటపెట్టినవాడు రొనాల్డు రాసు అను సైనికవైద్యుడు.

చలిజ్వరము మన దేశమునకు క్రొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథములు విషమజ్వరములను వర్ణించుచు, దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థికమనియు పేర్కొనినవి. మొదట ఎముకలు కొరుకునట్టి చలి, పిమ్మట ఒడలెల్ల మండునట్టి వేడి, తుదకు ధారలుగా చెమట. మరునాడు రోగి లేచి తిరుగును. ఆ మరునాడు మరల మంచమెక్కును. యూరపువారు ఈ వ్యాధిని మలేరియా అనిరి. ఇటలీ భాషలో ఆ మాటకు చెడుగాలి అని అర్థము. బురదనేలలనుండి లేచు దుర్వాయువే దీనికి కారణమని వారు చిరకాలము నమ్మిరి. సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైను జ్వరమును తగ్గించెడిది. కాని జ్వరము ఒకరినుండి మరియొకరికి ఎట్లు ప్రాకునో తెలియనంతకాలము దానిని రాకుండ ఆపు ఉపాయము దొరకలేదు.

రొనాల్డు రాసు 1857వ సంవత్సరము మే నెల 13వ తేదిన హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించెను. తండ్రి కాంబెలు రాసు భారతదేశమునందలి ఆంగ్లేయ సైన్యములో అధికారి. పదిమంది సంతానములో రాసు పెద్దవాడు. ఎనిమిదవ ఏట అతనిని చదువు నిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. అక్కడ అతడు బంధువుల యింట పెరిగెను. బాల్యమునుండియు అతని మనసు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము అను వానివైపే పోవుచుండెను. వైద్యమన్న అతనికి ఆసక్తి లేకుండెను. కాని కుమారుడు భారతదేశపు వైద్యశాఖలో చేరవలెనని తండ్రి నిశ్చయించెను. తండ్రి మాటను కాదనలేక రాసు లండనులోని సెయింటు బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను.

ఇష్టములేని చదువు త్వరగా ఒంటబట్టదు. పాఠములకంటె పద్యరచనయందును, సంగీతమునందును అతడు ఎక్కువ కాలము గడపెను. 1879లో ఒక పరీక్షలో నెగ్గినను, వేరొక పరీక్షలో తప్పెను. కొంతకాలము ఓడలో వైద్యుడుగా పనిచేసి, మరల చదివి, 1881లో ఆ పరీక్షలోను నెగ్గి భారతదేశమునకు వచ్చెను. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు మున్నగు చోట్ల సైనికవైద్యుడుగా పనిచేసెను. తీరికవేళలలో గణితమును అభ్యసించుచు, కవితలును నవలలును వ్రాయుచుండెను. అతడు గొప్ప శాస్త్రజ్ఞుడగునని ఆ దినములలో ఎవ్వరును తలచియుండరు.

ఐనను, కంటబడినదానిని ఊరక విడువని గుణము అతనియందు మొదటినుండియు కలదు. 1883లో బెంగుళూరులో అతడు నివసించిన బంగళాలో దోమలు మిక్కుటముగా నుండెను. కారణమును వెదకగా, కిటికీ చెంతనున్న ఒక నీటితొట్టిలో దోమపిల్లలు కుప్పలుగా కనిపించెను. తొట్టిని బోర్లించినంతనే దోమలు చాలవరకు తగ్గిపోయెను. తక్కిన తొట్లను కూడ బోర్లింపవచ్చునని ఒక అధికారికి చెప్పి చూచెను. ఆ అధికారి అందులకు అంగీకరింపలేదు. ఒక తొట్టి నీటికిని దోమల బాధకును గల సంబంధము మాత్రము రాసు మనసులో నిలిచిపోయెను.

రాసు జీవితమును మార్చిన సంవత్సరము 1894. సెలవుమీద లండనునకు పోయినప్పుడు అతడు పాట్రికు మాన్సను అను ప్రసిద్ధ వైద్యుని కలిసికొనెను. అంతకు పూర్వము 1880లో ఆల్జీరియాలోనున్న లావెరాను అను ఫ్రెంచి సైనికవైద్యుడు చలిజ్వర రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని కనుగొనియుండెను. అది ఎర్ర రక్తకణములలో నివసించి, వానిని తిని పెరుగుచు, నల్లని పొడివంటి పదార్థమును మిగుల్చును. రాసు ఆ మాటను మొదట నమ్మలేదు. మాన్సను అతనిని సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి ఆ పరాన్నజీవిని చూపెను. కంటితో చూచిన పిమ్మట రాసు తన పొరపాటును ఒప్పుకొనెను. ఏనుగుకాలు వ్యాధికి కారణమైన సన్నని పురుగు దోమ శరీరములో పెరుగునని మాన్సను చైనాలో నుండగా 1877లో కనిపెట్టెను. చలిజ్వరపు సూక్ష్మజీవికి కూడ దోమయే ఆధారమై యుండవచ్చునని అతని ఊహ. ఆ ఊహను ఋజువు చేయు భారమును రాసు తనపై వేసికొనెను.

1895లో రాసు భారతదేశమునకు తిరిగివచ్చి, సికింద్రాబాదులోనున్న 19వ మద్రాసు పదాతిదళమున వైద్యుడుగా చేరెను. దోమలను పరీక్షింపుమని అతనిని ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపలేదు. అందుకై ప్రత్యేక వేతనము లేదు, ప్రయోగశాల లేదు. సిపాయిల రోగములను చూచుట అతని ఉద్యోగము. ఆ పని ముగిసిన పిదప మిగిలిన గంటలలో తన సూక్ష్మదర్శినిని ముందుంచుకొని దోమలను కోసి చూచుట అతడు కోరి నెత్తికెత్తుకొనిన వ్యాసంగము. వాటిని పట్టి తెచ్చుటకు కొందరు స్థానికులను తన సొంత సొమ్ముతో నియమించెను.

దోమ చిన్నదే గాని దాని వంశము మానవజాతికంటె మిక్కిలి ప్రాచీనమైనది. కొన్ని చెట్లనుండి కారిన జిగురు యుగములపాటు నేలలో పూడి గట్టిపడి, తేనెరంగు రాయివలె మారును. దానినే అంబరు అందురు. సంస్కృతమున తృణమణి యని పేరు. జిగురు కారునప్పుడు అందులో చిక్కుకొనిన చీమలు, ఈగలు, దోమలు నేటికిని ఆకారము చెడక నిలిచియుండును. రాసు ఉద్యోగము చేసిన బర్మాదేశపు ఉత్తరభాగమున దొరకు అంబరులో సుమారు 10 కోట్ల సంవత్సరముల నాటి దోమలు కనబడినవి. అట్టి ముక్కలను సానబెట్టి, భూతద్దముతో పరిశీలించి ఆనందించువారు లోకమున పెక్కురు కలరు. ఇంత ప్రాచీనమైన ప్రాణి మనుష్యుల ఇండ్లలోనే తిరుగుచున్నను, దాని జాతులెన్నియో, ఏ జాతి ఏ వ్యాధిని మోయునో రాసు కాలమున తెలిసినది బహు స్వల్పము. అతనికి దారి చూపు గ్రంథము కూడ దొరకలేదు.

అందుచేతనే రెండేండ్ల శ్రమ ఫలింపలేదు. రోగి రక్తము దోమ కడుపులో ప్రవేశించిన పిదప ఆ సూక్ష్మజీవి కొన్ని మార్పులు చెందుట అతడు 1895లోనే చూచెను. కాని అటుపై అది ఏమగుచున్నదో అంతుపట్టలేదు. సులభముగా దొరకు బూడిదరంగు దోమలను, చారల దోమలను అతడు వందలకొలది కోసి చూచెను. వాని శరీరములో వెదకని భాగము లేదు. ఏమియు కనబడలేదు. చలిజ్వరమును మోయు జాతి దోమలు అవి కావను సంగతి అతనికి తెలియదు. దోమ పడి చచ్చిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని మాన్సను తలచెను. రాసు చేసిన పరీక్షలు ఆ తలపునకు బలము నీయలేదు. ఇంతలో 1895లోనే బెంగుళూరులో కలరా నివారణకై పొమ్మని ఆజ్ఞ వచ్చెను. పరిశోధన నిలిచిపోయెను.

1897లో అతడు నీలగిరి ప్రాంతమున, జ్వరమునకు పేరుపడిన సీగూరు కనుమకు పోయి పరిశోధింపబూనెను. అక్కడ అతనికే చలిజ్వరము సోకెను. కోలుకొని అదే సంవత్సరము జూను నెలలో సికింద్రాబాదునకు తిరిగివచ్చి, బేగంపేట సైనిక వైద్యశాలలో మరల పనికి పూనుకొనెను.

ఈసారి అతడు క్రొత్త మార్గమును త్రొక్కెను. గోడలమీద దొరకిన దోమలను గాక, పిల్లలనుండి తానే పెంచిన దోమలను మాత్రమే ఉపయోగింప నారంభించెను. అవి అంతకు పూర్వము ఎవ్వరిని కుట్టలేదని నిశ్చయము కదా! ఆగస్టు నడుమ అతని మనుష్యులలో నొకడు ఒక సీసాలో క్రొత్తరకపు దోమపిల్లలను తెచ్చెను. వానినుండి వెడలిన దోమలు గోధుమరంగు కలిగి, రెక్కలపై మచ్చలతో నుండెను. సామాన్యపు దోమ వ్రాలినప్పుడు దాని ఒడలు గోడకు సమానముగా నుండును. ఈ జాతి దోమ తల వంచి తోక పైకెత్తి వాలుగా కూర్చుండును. దీనినే ఆనాఫిలిస్ దోమ అందురు. ఇంత చిన్న భేదమును గుర్తించుటకు రెండేండ్లు పట్టినది.

వైద్యశాలలో హుసేను ఖాను అను రోగి యుండెను. అతని రక్తములో చలిజ్వరపు సూక్ష్మజీవులు మెండుగా నుండెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొనుటకు అతడు సమ్మతించెను. 1897 ఆగస్టు 16వ తేదిన అతనిని దోమతెరలో పరుండబెట్టి, మచ్చల రెక్కల దోమలను లోపల విడిచిరి. అవి కడుపునిండ రక్తము త్రాగెను. పిమ్మట వానిని జాగ్రత్తగా పట్టి సీసాలలో నుంచిరి. ఆ దోమలు పదియే. వానిలో కొన్ని చచ్చెను. కొన్నింటిని రాసు మరుసటి దినములలో కోసి చూచెను. స్పష్టముగా ఏమియు కనిపింపలేదు. ఇక మిగిలినవి కొద్దియే.

ఆగస్టు 20వ తేది. ఆకాశము మబ్బుపట్టి, గాలి కదలక, ఉక్క భరింపరాకుండెను. పంకా లాగించుటకు వీలులేదు. లాగించినచో కోసిన దోమ అవయవములు గాలికెగిరిపోవును. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టియుండెను. మిగిలిన ఒక్క కంటిబిళ్లయు బీటవారియుండెను. చిన్న ఈగలు కన్నులను, చెవులను ముసురుచుండెను. ఉదయమునుండి చూచి చూచి అతని కన్నులు అలసిపోయెను. ఐనను మిగిలిన దోమలలో నొకదానిని గాజుపలకపై నుంచి, దాని అంగములను ఒక్కొక్కటిగా పరీక్షించెను. తుదకు జీర్ణాశయము మాత్రము మిగిలెను. దానిని వెదకుట మరియొక అరగంట శ్రమ. విడిచిపెట్టుదమా అని ఒక క్షణము తోచెను. కాని విడువలేదు.

జీర్ణాశయపు గోడలో గుండ్రని కణమొకటి అతని కంటబడెను. అట్టి కణము మునుపు కోసిన ఏ దోమలోను లేదు. ప్రక్కన మరియొకటి, ఆవల ఇంకొకటి కనిపించెను. ప్రతి కణములోను నల్లని పొడి కణికలు మెరయుచుండెను. రోగుల రక్తములోని సూక్ష్మజీవియందు అతడు ఎన్నిమారులో చూచిన నల్లని పొడియే అది! మరునాడు వేరొక దోమను కోసి చూచెను. ఆ కణములు మరింత పెద్దవై యుండెను. అనగా అవి దోమ శరీరములో జీవించి పెరుగుచున్నవన్నమాట. చలిజ్వరపు సూక్ష్మజీవికి దోమ రెండవ యిల్లని తేలిపోయెను. ఈ వార్తను రాసు వ్రాసి పంపగా, అదే సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లండునందలి ప్రసిద్ధ వైద్యపత్రికలో అచ్చయ్యెను.

దారి దొరకినదనుకొనునంతలో క్రొత్త ఆటంకము వచ్చెను. సెప్టెంబరులోనే రాసును రాజపుత్రస్థానములోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అక్కడ పరిశోధనకు వలసిన రోగులు దాదాపుగా లేరు. మాన్సను లండనునందు పట్టుబట్టి ప్రయత్నింపగా, 1898 ఫిబ్రవరిలో ప్రభుత్వము అతనిని ప్రత్యేక పరిశోధనకై కలకత్తాకు పంపెను. అక్కడ కూడ తగిన రోగులు కొరతపడిరి. అందుచేత అతడు పక్షులకు వచ్చు చలిజ్వరమును ఎన్నుకొనెను. మహమ్మదు బక్షు అను సహాయకుడు అతనికి కుడిభుజమై నిలిచెను. జబ్బు పక్షులను కుట్టిన దోమలలో జీర్ణాశయపు కణములు ఉబ్బి పగులుననియు, వానినుండి సూదులవంటి అసంఖ్యాకమైన జీవులు వెడలి దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు 1898 జూలైలో రాసు కనుగొనెను. అట్టి దోమలచే ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టింపగా వానికి వ్యాధి సోకెను. వలయము పూర్తియయ్యెను.

నాటినుండి వ్యాధి నడక స్పష్టమైనది. రక్తము త్రాగునది ఆడదోమయే. రోగిని కుట్టినప్పుడు సూక్ష్మజీవి దోమ కడుపునకు చేరి, కొన్ని దినములు పెరిగి, దాని లాలాజలములో సిద్ధముగా నుండును. ఆ దోమ వేరొకరిని కుట్టునప్పుడు లాలాజలముతోపాటు శరీరములో ప్రవేశించును. మొదట కాలేయములో పెరిగి, తరువాత రక్తకణములలోనికి దిగును. రక్తకణములు ఒక్కుమ్మడిగా పగిలిన ప్రతిసారి చలియు జ్వరమును వచ్చును. మన పూర్వులు గుర్తించిన దినము తప్పి దినము వచ్చు లెక్కకు కారణమిదియే. తప్పు గాలిది కాదు, నీటిది కాదు. నిలువనీటిలో పుట్టు దోమది. మనుష్యులకు వచ్చు జ్వరమును ఆనాఫిలిస్ దోమలే మోయునని ఇటలీలో గ్రాసి మున్నగు శాస్త్రజ్ఞులు 1898లోనే నిరూపించిరి.

1899లో రాసు భారతదేశపు కొలువును విడిచి ఇంగ్లండులోని లివర్‌పూలునందు ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున చేరెను. 1902లో అతనికి వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. 1911లో సర్ బిరుదము వచ్చెను. కాని కీర్తి అతనికి శాంతి నీయలేదు. ఎవరు ముందు కనుగొనిరను విషయమై గ్రాసితో చాలకాలము కలహించెను. ఇతరుల శ్రమను మెచ్చుకొనుటకు అతని మనసు సులభముగా ఒప్పెడిది కాదు. గొప్పవారియందును కొరతలుండును. వానిని దాచిపెట్టుటకంటె తెలిసికొని మెలగుటయే మేలు.

కనుగొనుటతో అతడు తృప్తి నొందలేదు. పశ్చిమాఫ్రికాకును, సూయజు కాలువ ఒడ్డుననున్న ఇస్మాయిలియా పట్టణమునకును పోయి, దోమలు పుట్టు నీటిగుంటలను తొలగించు మార్గములను బోధించెను. ఇస్మాయిలియాలో జ్వరము ఎంతయో తగ్గెను. బాల్యమున అతడు ప్రేమించిన గణితము వృద్ధాప్యమున అక్కరకు వచ్చినది. దోమలను ఒక్కటియు మిగులకుండ చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక మేరకు తగ్గించినచో వ్యాధి తానై అణగిపోవుననియు అతడు లెక్కలు గట్టి చూపెను. నేటి శాస్త్రజ్ఞులు వ్యాధుల వ్యాప్తిని గణించు పద్ధతికి ఆ లెక్కలు పునాదియైనవి. 1932 సెప్టెంబరు 16వ తేదిన రాసు లండనులో మరణించెను.

రాసు పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని కలదు. అది ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధీనములో అతని పేర నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదిని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. ఐనను వ్యాధి ఇంకను అంతరింపలేదు. 2022లో ప్రపంచమున సుమారు 6 లక్షలమంది చలిజ్వరముతో మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో పసిబిడ్డలే ఎక్కువ.

ఆ విజయములో పాలుగొన్నవాడు రాసు ఒక్కడే కాడు. అణాలకై దోమకాట్లు సహించిన హుసేను ఖాను పేరు చరిత్రలో మిగిలినది. మచ్చల దోమపిల్లలను సీసాలో తెచ్చినవాని పేరు మిగులలేదు. ఆ సీసా రానిచో ఆ ఆగస్టు నెల కూడ వట్టిదే అయ్యెడిది. పగిలిన కుండలో నిలిచిన నీటిని చూచినప్పుడు బాలబాలికలు ఆ పేరులేని మనుష్యుని తలచుకొనవలెను. వంగి ఒక్క నిమిషము పరికింపవలెను. పిమ్మట ఆ కుండను బోర్లింపవలెను. చూచుట, తెలిసికొనుట, తెలిసినదానిని ఆచరించుట – రాసు జీవితము నేర్పు పాఠము ఇదియే.